పదవీ విరమణ వయసు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

ప్రభుత్వ ఉద్యోగి కొలువు నుంచి తప్పనిసరిగా తప్పుకోవలసిన వయసును పదవీ విరమణ వయసు అంటారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇది ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లు, తెలంగాణలో 61 ఏళ్లు. 1979 దాకా ఉమ్మడి రాష్ట్రంలో 55 ఏళ్లకే ఇంటికి పంపేవారు. ఆ తర్వాత ఈ అంకె 58కి పెరిగింది, 55కి దిగింది, మళ్లీ 58కి ఎక్కింది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దీన్ని వేర్వేరుగా పెంచుకుంటూ వచ్చాయి. ఇదే కాలంలో జనం ఆయుర్దాయం పెరిగింది, పిల్లల సంఖ్య తగ్గింది, వృద్ధుల వాటా పెరిగింది. అయినా విరమణ వయసు మార్పులు ఆయుర్దాయం లెక్కల కంటే ఖజానా పరిస్థితిని, ఎన్నికల హామీలను, ఉద్యోగ సంఘాల బలాన్ని అనుసరించే ఎక్కువగా జరిగాయి. పైగా ఈ వయసు వర్తించేది జనాభాలో చిన్న భాగానికే. వ్యవసాయ కూలీలు, బీడీ కార్మికులు, చిన్న వ్యాపారుల వంటి అధిక సంఖ్యాకులకు విరమణ అనేదే లేదు. వారి విషయంలో ప్రభుత్వం నిర్ణయించే వయసు ఒక్కటే, వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసు. అది మాత్రం కిందికి దిగుతూ వచ్చింది.

లెక్క కట్టే పద్ధతి

విరమణ తేదీకి ఆధారం సర్వీసు రిజిస్టరులో నమోదైన పుట్టిన తేదీ. నిర్ణీత వయసు నిండిన నెల ఆఖరి రోజు సాయంత్రం ఉద్యోగి విధుల నుంచి వైదొలగుతాడు. నెల 1వ తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజునే దిగిపోతారు. వారికి ఆ తేదీకి ముందు రోజుతోనే వయసు నిండినట్టు లెక్క.

సర్వీసు రిజిస్టరులోకి ఈ తేదీ సాధారణంగా పదో తరగతి సర్టిఫికెట్ నుంచి, అందులోకి బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచి వస్తుంది. ఇళ్లలోనే కాన్పులు జరిగిన తరంలో చాలామందికి అసలు తేదీ రాసిపెట్టినవారు లేరు. బిడ్డను బడిలో వేసేటప్పుడు పంతులుగారు అయిదేళ్లు వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేసేవారు. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి జూన్, జూలై తేదీలు మామూలైపోయాయి. ఆ తరం రిటైరైన ఏళ్లలో జూన్, జూలై నెలాఖరున ఒకే కార్యాలయంలో నలుగురైదుగురికి ఒకేసారి వీడ్కోలు సభలు పెట్టడం చాలా శాఖల్లో మామూలే. సర్వీసు చివర్లో తేదీ మార్పించుకునే ప్రయత్నాలు పెరగడంతో ఉమ్మడి ప్రభుత్వం 1984లో పుట్టిన తేదీ నమోదు, సవరణలపై ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. దాంతో ఒకసారి నమోదైన తేదీని మార్చుకోవడం దాదాపు అసాధ్యమైంది.

55, 58 మధ్య ఊగిసలాట: 1979 - 1985

కేంద్ర ప్రభుత్వం 1962లోనే తన ఉద్యోగుల విరమణ వయసును 55 నుంచి 58కి పెంచింది. ఆంధ్రప్రదేశ్ ఆ పని 1979 అక్టోబరులో చేసింది. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి.

1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సరిగ్గా నెలరోజులకు, ఫిబ్రవరి 8న, విరమణ వయసును 58 నుంచి తిరిగి 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. అది ఫిబ్రవరి 28 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే 55 దాటిన ప్రతి ఉద్యోగీ ఆ సాయంత్రంతో మాజీ అయ్యాడు. సుమారు 18 వేల మంది ప్రభుత్వ ఉద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఒక్కసారిగా కొలువు కోల్పోయారు. కూతురి పెళ్లి, ఇంటి అప్పు, కొడుకు చదువు అన్నీ 58 ఏళ్ల లెక్క మీద వేసుకున్నవారికి మిగిలిన గడువు మూడు వారాలు. చదువుకున్న నిరుద్యోగులకు అవకాశం ఇవ్వడానికే ఈ నిర్ణయమని ప్రభుత్వం చెప్పింది.

ఉద్యోగులు కోర్టుకెక్కారు. కె. నాగరాజ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 1985 జనవరి 18న తీర్పు ఇచ్చింది. విరమణ వయసును ఖరారు చేసే అధికారం ప్రభుత్వానిదేనని, యువతకు ఉపాధి కల్పించాలన్న ఉద్దేశం ఆ విధానంలో సహజంగా ఇమిడి ఉంటుందని, 55 ఏళ్లు అనేది నిర్హేతుకమైన వయసేమీ కాదని చెబుతూ ప్రభుత్వ చర్యను సమర్థించింది. విరమణ వయసుపై దేశంలో ఏ వివాదం వచ్చినా న్యాయస్థానాలు ఈ తీర్పును ఇప్పటికీ ప్రస్తావిస్తాయి.

తీర్పు వచ్చేనాటికే పరిస్థితి మారిపోయింది. 1984 ఆగస్టులో రామారావును గద్దె దించి నాదెండ్ల భాస్కరరావు నెలరోజుల పాటు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఆగస్టు 23 నుంచి, విరమణ వయసును మళ్లీ 58 చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. తిరిగి అధికారంలోకి వచ్చిన రామారావు ప్రభుత్వం 58నే కొనసాగించింది. అయితే 1983 ఫిబ్రవరి 28కి, 1984 ఆగస్టు 23కి మధ్య ఇంటికెళ్లినవారి సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. ఇది బి. ప్రభాకరరావు కేసుగా మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం 1985లో ఆ ఉద్యోగుల పక్షాన తీర్పు చెప్పింది. ఇంకా 58 నిండనివారికి కొత్త వయసు ప్రయోజనం నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తేల్చింది.

ఈ అనుభవం తర్వాత ఏ ప్రభుత్వమూ విరమణ వయసును తగ్గించే సాహసం చేయలేదు. 1984 నాటి విరమణ వయసు క్రమబద్ధీకరణ చట్టమే నేటికీ రెండు రాష్ట్రాల్లో మూలం. తర్వాతి మార్పులన్నీ ఆ చట్టానికి చేసిన సవరణలే.

విభజన తర్వాత

కేంద్రం 1998లో 60కి పెంచినా ఉమ్మడి రాష్ట్రం 58 దగ్గరే ఆగింది. కదలిక విభజనతో మొదలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం 2014లో 60 ఏళ్లు చేసింది. జూన్ 2 నుంచి దాన్ని వర్తింపజేసింది. 2022 జనవరి 7న వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్‌తో (వేతన పెంపుతో) పాటు విరమణ వయసును 62కి పెంచుతున్నట్టు ప్రకటించింది. ఈ పెంపు జనవరి 1 నుంచే అమలైంది. ఇంటి అద్దె భత్యం తగ్గింపు, వేతన సవరణ (పీఆర్సీ) ఉత్తర్వులపై అసంతృప్తితో ఉద్యోగులు ఫిబ్రవరి 3న చలో విజయవాడ పేరిట భారీ ప్రదర్శన జరిపారు. అడగకపోయినా రెండేళ్ల సర్వీసు ఇచ్చారు, అడిగిన జీతం ఇవ్వలేదన్నది నాటి ప్రధాన ఫిర్యాదు.

తెలంగాణలో సి.ఆర్. బిస్వాల్ అధ్యక్షతన ఏర్పడిన తొలి వేతన సవరణ కమిషన్ (పీఆర్సీ) 60 ఏళ్లు, 7.5 శాతం ఫిట్‌మెంట్ సిఫార్సు చేసింది. ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 2021 మార్చి 22న శాసనసభలో రెండింటినీ దాటి 61 ఏళ్లు, 30 శాతం ప్రకటించారు. 61 ఏళ్లన్నది ఆయన పార్టీ 2018 ఎన్నికల హామీ. ఆ మార్చి నెలాఖరుకే సవరణ అమల్లోకి వచ్చింది.

ప్రభుత్వ రంగ సంస్థలు ఈ దారిలోనే కొంత ముందో వెనకో నడిచాయి. తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు, నవంబరు నెలల్లో 52 రోజుల సమ్మె ముగిశాక, డిసెంబరు 1న కార్మికులతో జరిపిన సమావేశంలో ముఖ్యమంత్రి 58ని 60 చేశారు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమయ్యారు. సింగరేణి కాలరీస్ 2021లో 61 ఏళ్ల వయసును వర్తింపజేసింది. గుమాస్తాకు, భూగర్భ గనిలో బొగ్గు తీసే కార్మికుడికి ఒకే విరమణ వయసు ఉండటం అక్కడ ఎప్పటి నుంచో చర్చనీయాంశం. చాలా కార్పొరేషన్ల ఉద్యోగులు తమకూ పెంపు వర్తించాలని కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

ఒకే కార్యాలయం, వేర్వేరు వయసులు

ఉద్యోగ నియమావళులు వేరు కావడంతో ఒకే ఆవరణలో పనిచేసేవారికి కూడా విరమణ వయసు ఒకటి కాదు. అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 ఏళ్లే. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ హోదాలోని కలెక్టరు 60కి దిగిపోతే, అదే కలెక్టరేట్‌లో సీనియర్ అసిస్టెంటు 62 దాకా ఉంటాడు. హైకోర్టు న్యాయమూర్తులకు 62, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు 65.

నిపుణులు దొరకని రంగాల్లో వయసు ఇంకా పైకి పోయింది. వైద్య కళాశాలలకు బోధన సిబ్బంది చాలకపోతే సీట్ల గుర్తింపే పోయే ప్రమాదం ఉంది. అందుకే తెలంగాణ 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలల అధ్యాపకులకు 58ని ఏకంగా 65 చేసింది. విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక ఆచార్యుల పోస్టులు ఖాళీ కావడంతో 2025 జనవరిలో అక్కడా 60 నుంచి 65కి పెంచింది. ఈ రెండు పెంపులకూ అసలు కారణం నియామకాల కొరత.

ఖజానా లెక్క

విరమణ వయసు పెంపు ప్రభుత్వానికి తక్షణం డబ్బు మిగులుస్తుంది. ఉద్యోగి దిగిపోయిన రోజున చెల్లించవలసిన మొత్తాలు పెద్దవి. చివరి జీతం మీద లెక్కగట్టే పాత పింఛను పరిధిలో ఉండి, 33 ఏళ్ల సర్వీసుతో, 80,000 రూపాయల మూల వేతనం దగ్గర రిటైరైన ఉపాధ్యాయుణ్ని ఉదాహరణకు తీసుకుందాం. మూల వేతనంలో సగం, అంటే 40,000 అతని పింఛను. అందులో 40 శాతం వరకు కమ్యూటేషన్ కింద ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. నెలకు 16,000 వదులుకుంటే దాదాపు 15 లక్షలు చేతికి వస్తాయి. ఆ కోత 15 ఏళ్ల పాటు కొనసాగుతుంది. కరువు భత్యం కలిపి లెక్కిస్తే గ్రాట్యుటీ 2021, 2022 సవరణల నాటి 16 లక్షల పరిమితికి చేరుతుంది. వాడుకోని ఆర్జిత సెలవులను గరిష్ఠంగా 300 రోజుల వరకు నగదు చేసుకోవచ్చు. అది మరో 8 లక్షలకు పైమాటే. అన్నీ కలిపితే ఒక్క ఉద్యోగికి సుమారు 40 లక్షలు. వేల మందికి ఈ చెల్లింపును రెండుమూడేళ్లు వాయిదా వేస్తే ఖజానాకు దొరికే ఊపిరి అంత.

అయితే ఇది వాయిదా మాత్రమే. 58ని 61 చేసిన తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి మూడేళ్ల పాటు వయసు నిండి రిటైరైనవారు దాదాపు లేరు. 2024 మార్చి నుంచి విరమణలు మళ్లీ మొదలయ్యాయి. పెరిగిన వేతనాల మీద లెక్కగట్టిన బకాయిలు నెలనెలా పేరుకుపోయాయి. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బు నెలల తరబడి అందక విశ్రాంత ఉద్యోగులు ధర్నాలు చేశారు, హైకోర్టులో పిటిషన్లు వేశారు. ఆ మూడేళ్లలో సీనియర్ ఉద్యోగులకు పింఛనుకు బదులు పూర్తి జీతం చెల్లించవలసి వచ్చింది. వారి స్థానంలో కొత్తగా చేరేవారి జీతం అందులో సగం కూడా ఉండదు. కాబట్టి దీర్ఘకాలంలో ఎంత మిగులుతుందన్నది ఆ ఖాళీలను ప్రభుత్వం నింపుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నిరుద్యోగులు, పదోన్నతులు

విరమణ వయసు పెరిగిన ప్రతిసారీ నిరసన విశ్వవిద్యాలయాల నుంచే వచ్చింది. ఒకరు దిగితేనే మరొకరు ఎక్కగలరన్న వాదన 1983లో ప్రభుత్వానిది. 2014 తర్వాత అది నిరుద్యోగ సంఘాల వాదన అయింది.

ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి బిస్వాల్ కమిషన్ లెక్కలు పనికొస్తాయి. తెలంగాణలో మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవారు 3,00,178 మంది. ఖాళీలు 1,91,126. అంటే విరమణ వయసు మారకముందే ప్రతి అయిదు కుర్చీల్లో దాదాపు రెండు ఖాళీ. నిరుద్యోగుల దారికి అడ్డు పడినది ప్రధానంగా నోటిఫికేషన్లు రాకపోవడమే. రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఆ పరీక్ష కూడా రెండుసార్లు రద్దయింది.

పదోన్నతుల మీద ప్రభావం మాత్రం సూటిగా ఉంటుంది. సెకండరీ గ్రేడ్ టీచరు స్కూల్ అసిస్టెంటు కావాలంటే, స్కూల్ అసిస్టెంటు ప్రధానోపాధ్యాయుడు కావాలంటే పైన ఖాళీ రావాలి. పై మెట్టు మూడేళ్లు కదలకపోతే కింది మెట్లన్నీ మూడేళ్లు ఆగిపోతాయి. అందుకే పెంపును సంఘాల నాయకులు స్వాగతించినా, నడివయసు ఉద్యోగుల్లో అసంతృప్తి ఉంటుంది.

జనాభా మార్పు

1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల సగటు సంతానం 2.6. 2005-06 నాటికి 1.8కి దిగింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. జనాభా స్థిరంగా ఉండటానికి అవసరమైన 2.1 కంటే ఇది తక్కువ. అక్షరాస్యతలో చాలా ముందున్న కేరళ, తమిళనాడులతో సమానంగా ఇక్కడ సంతానం తగ్గడానికి ప్రధాన సాధనం స్త్రీల కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది, చాలావరకు పాతికేళ్లలోపే, ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. ఇద్దరు చాలన్న ప్రచారానికి తోడు, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1990లలో వచ్చింది.

ఫలితం వయసుల పొందికలో కనిపిస్తోంది. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో 60 దాటినవారు 9.8 శాతం. దేశ సగటు 8.6. కేంద్ర నిపుణుల బృందం అంచనాల ప్రకారం 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 12 శాతం, తెలంగాణలో 11 శాతం స్థాయికి చేరింది. 2031కి ఆంధ్రప్రదేశ్‌లో 16 శాతం దాటుతుంది. అప్పటికి దేశ సగటు సుమారు 13. భారతదేశంలో 60 ఏళ్లు చేరిన వ్యక్తి సగటున మరో 18 ఏళ్ల వరకు జీవిస్తాడు.

ప్రభుత్వ విధానం కూడా వెనక్కి తిరిగింది. ఎక్కువ మంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2024 అక్టోబరులో బహిరంగంగా పిలుపునిచ్చారు. మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. ఇప్పుడు పుట్టే బిడ్డ పనిచేసే వయసుకు రావడానికి కనీసం ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటి దాకా భారం ఇప్పటికే పనిలో ఉన్న తరానిదే.

ఆ తరంలోనూ చాలామంది ఊళ్లో లేరు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాద్ నుంచి చదువుకున్న పిల్లలు బెంగళూరుకో అమెరికాకో వెళ్లారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి కూలి పనులకు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. డబ్బు పంపే కొడుకు ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి లేని ఇళ్లు ఈ జిల్లాల్లో పెరిగాయి. చెల్లింపుతో నడిచే వృద్ధాశ్రమాలు, ఇంటి దగ్గర సేవకులను పంపే సంస్థలు ఈ అవసరం నుంచే పుట్టాయి. తల్లిదండ్రుల పోషణ బాధ్యతను చట్టబద్ధం చేస్తూ 2007లో కేంద్రం చేసిన చట్టం కింద ఫిర్యాదులను ఆర్డీవో స్థాయి ట్రిబ్యునళ్లు విచారిస్తాయి. ఆస్తి రాయించుకుని వదిలేసిన పిల్లల నుంచి ఆ ఆస్తిని వెనక్కి ఇప్పించే వీలూ ఆ చట్టంలో ఉంది.

విరమణ లేనివారు

తెలంగాణలో మూడున్నర కోట్ల పైచిలుకు జనాభాలో మూడు లక్షల మంది ప్రభుత్వ ఉద్యోగులంటే ఒక శాతం కంటే తక్కువ. ప్రైవేటు సంస్థల్లో భవిష్యనిధి ఖాతా ఉన్నవారికి 58 ఏళ్లకు ఈపీఎస్-95 పింఛను మొదలవుతుంది. దాని కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఈ రెండు వర్గాలకూ చెందని వరినాట్ల కూలీ, చేనేత కార్మికుడు, తోపుడుబండి వ్యాపారి ఒళ్లు సహకరించినంత కాలం పనిచేస్తారు.

వీరికి ఆధారం సామాజిక పింఛను. తెలంగాణ 2014 నవంబరులో ఆసరా పథకాన్ని మొదలుపెట్టి, అంతకు ముందు 200 ఉన్న వృద్ధాప్య పింఛనును 1,000 చేసింది. 2019లో అది 2,016 అయింది. అర్హత వయసును 2021లో 65 నుంచి 57కి తగ్గించారు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వృద్ధులైనా వృద్ధాప్య పింఛను ఒకరికే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అర్హత వయసు 65 నుంచి 60కి దిగింది. 2024 జూలై నుంచి మొత్తం 4,000 రూపాయలైంది. అన్ని రకాలూ కలిపి 60 లక్షలకు పైగా పింఛన్లను నెల మొదటి రోజునే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికి వెళ్లి ఇస్తారు. ఏళ్ల తరబడి పొలం పని చేసి వేలిముద్రలు అరిగిపోయిన ముసలివారికి యంత్రం సహకరించకపోతే, ముఖం లేదా కనుపాప గుర్తింపుతో సరిపెడతారు. వృద్ధాప్య పింఛను మొత్తంలో కేంద్రం వాటా స్వల్పం. 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200, ఆపైన 500 మాత్రమే.

దీంతో ఒక వైరుధ్యం ఏర్పడింది. తెలంగాణలో 2021లో కొన్ని నెలల వ్యవధిలోనే ప్రభుత్వం తన ఉద్యోగి 61 దాకా పనికి పనికొస్తాడని చట్టం చేసింది, ఊళ్లోని కూలీ 57కే వృద్ధుడని ఉత్తర్వు ఇచ్చింది. రెండింటిలోనూ తర్కం ఉంది. ఎండలో నడుం వంచి చేసే పనికి శరీరం ముందే అలసిపోతుంది. కుర్చీలో కూర్చుని చేసే పనికి అరవై అడ్డు కాదు. కానీ ఈ తేడాను వృత్తుల వారీ అధ్యయనం చేసి నిర్ణయించలేదు. రెండు వేర్వేరు ఎన్నికల హామీలు అమలైన తీరు అది.

ఇతర దేశాలతో పోలిక

బిస్మార్క్ కాలపు జర్మనీ 1889లో వృద్ధాప్య పింఛను చట్టం చేసినప్పుడు అర్హత వయసు 70. 1916లో దాన్ని 65 చేశారు. ఇప్పుడు దశలవారీగా 67కి పెంచుతున్నారు. ఫ్రాన్స్ 2023లో 62ను 64 చేయడానికి పూనుకుంటే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. చైనా 2025 జనవరి నుంచి పదిహేనేళ్ల వ్యవధిలో పురుషులకు 60ని 63కు, కార్యాలయ ఉద్యోగినులకు 55ను 58కి, కార్మిక స్త్రీలకు 50ని 55కు పెంచుతోంది. డెన్మార్క్ 2040 నాటికి 70 చేస్తూ 2025లో చట్టం చేసింది. ఆ దేశంలో ఆయుర్దాయం పెరిగే కొద్దీ విరమణ వయసును సమీక్షించే పద్ధతి ఉంది.

తెలుగు రాష్ట్రాలకూ వీటికీ మూడు తేడాలున్నాయి. అక్కడ విరమణ వయసు దాదాపు పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. మార్పు ఏళ్ల ముందే ప్రకటించి నెలల లెక్కన పెంచుకుంటూ పోతారు. పెంపును కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తాయి. ఇక్కడ పెంపు ఒక్క రోజులో జరుగుతుంది, దాన్ని అందుకునేవారిలో ఎక్కువమంది స్వాగతిస్తారు. పాత పద్ధతిలో పింఛను చివరి జీతం మీద ఆధారపడటం, ఎక్కువ కాలం పనిచేస్తే జీతంతో పాటు పింఛనూ పెరగడం అందుకు కారణం. దక్షిణాదిలోనే ఉన్న కేరళ పరిస్థితి వేరు. అక్కడ యువజన సంఘాల ఒత్తిడి వల్ల పాత పింఛను ఉద్యోగులకు నేటికీ 56 ఏళ్లే. తమిళనాడు 2020లో 59కి, 2021లో 60కి పెంచింది.

రానున్న దశ

పింఛను పద్ధతి మారడంతో విరమణ వయసుకు ఉన్న అర్థం కూడా మారబోతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు. వారు కంట్రిబ్యూటరీ పింఛను పథకం, అంటే సీపీఎస్ పరిధిలోకి వస్తారు. జీతంలో పదో వంతు ఉద్యోగి, అంతే మొత్తం ప్రభుత్వం జమ చేస్తే, మార్కెట్‌లో అది ఎంత పెరిగితే అంత. ఆంధ్రప్రదేశ్ 2023లో చివరి మూల వేతనంలో సగానికి హామీ ఇచ్చే జీపీఎస్ చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకు యూపీఎస్ తెచ్చింది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం అందులో దక్కుతుంది. రెండు రాష్ట్రాల ఉద్యోగ సంఘాలు మాత్రం పాత పింఛనే కావాలని పట్టుబడుతున్నాయి.

2004లో పాతికేళ్ల వయసులో చేరిన ఉద్యోగి తెలంగాణలో 2040లో, ఆంధ్రప్రదేశ్‌లో 2041లో రిటైరవుతాడు. అప్పటికి ఇప్పుడు పింఛను పొందుతున్న తరంలో చాలామంది ఎనభై దాటి ఉంటారు. కేంద్రంలో 80 ఏళ్ల నుంచి మొదలయ్యే అదనపు పింఛను ఈ రెండు రాష్ట్రాల్లో 70 నుంచే మొదలవుతుంది కాబట్టి వారి బిల్లు కూడా పెరిగి ఉంటుంది. సామాజిక పింఛన్ల అర్హులూ నేటి కంటే బాగా ఎక్కువే ఉంటారు. వీటన్నిటికీ పన్ను కట్టవలసిన యువతరం మాత్రం సంఖ్యలో తగ్గి ఉంటుంది. విరమణ వయసును మరో రెండేళ్లు జరిపితే ఈ మూడు చెల్లింపుల్లో కొత్తగా రిటైరయ్యేవారిదే కొంత వాయిదా పడుతుంది. మిగిలిన రెండూ దాంతో సంబంధం లేకుండా పెరుగుతాయి. అందుకే వృద్ధుల ఆదాయ భద్రతను ఉద్యోగుల సర్వీసు నిబంధనగా గాక, కూలీని, కార్మికుణ్ని, ఉద్యోగిని కలిపి చూసే విధానంగా మార్చుకోవడం రెండు రాష్ట్రాల ముందున్న అసలు పని.